బెత్తం దించుదాం, బడి గోడ మీద మన మాట రాసుకుందాం

పెద్దేముల్ మండలంలో బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు, సార్లకు, మేడంలకు, మహిళా సంఘాల అక్కలకు, ఊరి పెద్దలకు, యువకులకు విజ్ఞప్తి



ప్రతి జూన్ నెలలో బడి గేటు దగ్గర మనం ఒక మాట అంటాం. తలకు నూనె రాసి నున్నగా దువ్వి, కొత్త సంచి భుజానికి తగిలించి, పిల్లగాణ్ణి సారు ముందు నిలబెట్టి అంటాం: "తోలు మీది, బొక్కలు మాయి సారూ. కొట్టయినా సరే, నాలుగు అక్షరాలు చెప్పుండ్రి." ప్రేమతోనే అంటాం. మన కష్టం వానికి రావద్దని, కందిచేన్ల ఎండలో, పత్తి ఏరుడులో, బండల పాలిషు దుమ్ములో వాడు మగ్గిపోవద్దని అంటాం. సారు మీద నమ్మకంతో అంటాం.

కానీ ఆ మాట వింటున్నది సారు ఒక్కడే కాదు. మన చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఐదేళ్ల పసివాడూ వింటున్నాడు. అ ఆలు ఇంకా మొదలే కాలేదు, వాడు మొదటి పాఠం నేర్చుకున్నాడు. ఇక్కడ నన్ను కొడతారు, కొడితే నా దిక్కు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు అని.

ఆ మాట ఈ ఏడు మానుకుందామని అడగడానికి ఈ కరపత్రం వేశాం. మానుకుని ఊరుకుందామని అడగడం లేదు. పిల్లలు, సార్లు, మనం కలిసి కూర్చుని బడికి ఒక కట్టుబాటు రాసుకుందాం, దాన్ని గోడ మీద అందరికీ కనిపించేటట్టు పెట్టుకుందాం, ముందుగా పెద్దలమే దానికి కట్టుబడి ఉందాం అని అడుగుతున్నాం.

బెత్తం నాకేం నేర్పింది

నేను చదివిన బడి పేరు ఇక్కడ రాయను, అప్పటి సారు పేరూ రాయను. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరం వచ్చిన పిల్లల్ని సైకిలు మీద ఇంటికి దింపిన మనిషి. ఆయన చేతిలో చింతబరిగె ఉండేది, అంతే. ఆయన సారు చేతిలో కూడా ఉండి ఉంటుంది.

మూడో తరగతిలో తొమ్మిదో ఎక్కం చెప్పమన్నారు. తొమ్మిదారుల యాభై నాలుగు దాకా బాగానే పోయింది. తొమ్మిదేడ్ల దగ్గర నాలుక ఆగింది. బరిగె వేళ్ల కణుపుల మీద పడింది. అరవై మూడు అని తర్వాత ఎప్పుడో నేర్చుకున్నాను. ఇవాళ కిరాణా దుకాణంలో కూర్చుని లెక్క వేసేటప్పుడు ఆ అంకె దగ్గరికి రాగానే నా కుడిచెయ్యి దానంతట అదే పిడికిలి బిగుసుకుంటుంది. నలభై ఏళ్లు దాటినా ఆ పిడికిలి విప్పుకోవడం నాకు చేతకాలేదు.

నా పక్కన ఒక తండా పిల్లవాడు కూర్చునేవాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడేవాడు, తెలుగు సగమే వచ్చేది. సారు అడిగింది అర్థం కాక తల దించుకునేవాడు. తల దించుకుంటే మొండోడు అన్నారు. మొండోడు అన్నాక దెబ్బలు ఎక్కువయ్యాయి. ఒకరోజు ఇంటర్వెల్‌లో మూత్రానికని పోయి గోడ దూకాడు. మళ్లీ రాలేదు. సంచి బడిలోనే ఉండిపోయింది. లోపల ఒక పలక, సగం విరిగిన బలపం, గుడ్డలో మూటగట్టిన జొన్నరొట్టె ముక్క. సాయంత్రం ఆ సంచి వాళ్లింట్లో ఇచ్చింది నేనే. బడి రిజిస్టరులో "బడి మానేశాడు" అని రాసి ఉంటారు. ఎందుకు మానేశాడో రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.

ఇది మా ఇద్దరి సంగతే అయితే ఈ కాగితం అచ్చు వేయించేవాణ్ణి కాదు. 2009-10లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది బడి పిల్లల్ని అడిగింది. "నాకు ఏ శిక్షా పడలేదు" అన్నవాళ్లు తొమ్మిది మంది. నూటికి 75 మంది బెత్తం దెబ్బలు తిన్నామన్నారు. నూటికి 81 మంది "నీకు చదువు రాదు" అనే మాట పడ్డామన్నారు. బెత్తం కంటే ఆ మాటే ఎక్కువమందికి తగిలింది. అప్పుడు ఆ కమిషన్‌కు అధ్యక్షురాలు శాంతా సిన్హా మేడం. 1991 నుంచి మన పాత రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే పనిలో ఉన్న పిల్లల్ని ఎం.వి. ఫౌండేషన్ తరఫున బడికి తెచ్చిన మనిషి ఆమె. జీతం ఉన్న పిల్లవాణ్ణి బడికి తేవడానికి ఇంటింటికీ తిరిగి ఎన్ని రోజులు బతిమాలాలో మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అట్లా తెచ్చిన పిల్లను బడి నుంచి తరమడానికి ఒక్క చెంపదెబ్బ చాలు.

కొట్టొద్దన్నది చట్టం

ఇది ఎవరో పట్నంలో కూర్చుని చెప్పిన ముచ్చట అనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2002 ఫిబ్రవరిలో జీవో 16 ద్వారా బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించారు. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఆ చట్టం 17వ సెక్షన్ రెండు సంగతులు చెబుతుంది. పిల్లల ఒంటికి దెబ్బ తగలకూడదు, పిల్లల మనసును వేధించకూడదు. మనం రెండోదాన్ని మరిచిపోతాం. మొద్దు అనడం, "పోయి గొర్లు కాసుకో" అనడం, కులం పేరుతో పిలవడం, ఫీజు కట్టలేదని అందరి ముందు నిలబెట్టడం, ఇవన్నీ వేధింపే. సర్కారు బడి అయినా, వ్యాను పంపించి పిల్లల్ని తీసుకుపోయే ప్రైవేటు బడి అయినా సెక్షన్ ఒక్కటే. అతిక్రమిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది.

అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. "టీసీ చేతిలో పెట్టి పంపిస్తా" అనే బెదిరింపుకు చట్టంలో చోటు లేదు. తన సంరక్షణలో ఉన్న పిల్లల మీద క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద జైలు దాకా పోవచ్చు.

చట్టం ఎంత గట్టిదైనా దానికి తరగతి నడపడం రాదు. అందుకే అసలు ప్రశ్న దగ్గరికి వస్తున్నాం.

"మరి కొట్టకుంట ఎట్ల చెప్పాలె?"

ఇది సార్లు అడిగే ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఊరి హైస్కూలు హెడ్మాస్టరు పిల్లల ముందు సాష్టాంగపడి, తానే గుంజీలు తీశారు. పిల్లలు చదువు మీద మనసు పెట్టడం లేదు, కొట్టలేం, తిట్టలేం, ఏం చేయాలో తెలియడం లేదన్నది ఆయన బాధ. ఆ వీడియో రెండు రాష్ట్రాల్లో ఫోన్ల నిండా తిరిగింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు. నాకు మాత్రం దుఃఖం వచ్చింది. ఒక గురువు అంత ఒంటరి ఎందుకయ్యాడు? బెత్తం దించమని మనం సార్లకు చెప్పాం. దాని చోట ఏం పెట్టుకోవాలో సార్లతో కూర్చుని ఒక్కనాడూ మాట్లాడలేదు. ఖాళీ చేతులతో తరగతిలోకి పంపించి, ఫలితం రాలేదని బజార్లో తిట్టుకున్నాం.

కాబట్టి ముందు అల్లరి ఎక్కడ పుడుతున్నదో చూద్దాం.

ఊరి ప్రాథమిక బడిలో ఐదు తరగతులు. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అంటే ఒక్కొక్కరికి రెండు మూడు తరగతులు. ఒకరు సెలవు పెడితే, మీటింగుకు పోతే, ఐదు తరగతులూ ఒక్కరి నెత్తి మీదే. ఐదో తరగతికి భాగాహారం చెబుతున్నంతసేపు ఒకటో తరగతి పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆరేళ్ల పిల్ల ముప్పావుగంట చేతులు కట్టుకుని కూర్చుంటుందా? కాళ్లు ఊపుతుంది, బలపం కొరుకుతుంది, ముందున్న పిల్ల జడ లాగుతుంది. చేతికి పని లేక చేసినదానికి అల్లరి అని పేరు పెట్టి కొడుతున్నాం.

మన మండలం నాలుగు భాషల మండలం. ఊళ్లో తెలుగు, తండాల్లో లంబాడీ, కొన్ని ఇండ్లల్లో ఉర్దూ, కర్ణాటక నుంచి కోడళ్లు వచ్చిన ఇండ్లల్లో కన్నడ. "పలక తియ్యి" అంటే అర్థం కాని పిల్లకు మాట వినదు అనే పేరు వస్తుంది. ఆ పిల్ల చెవికి మన మాటే ఇంకా చేరలేదు.

పుణె, ముంబై పనికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు నానమ్మ దగ్గర ఉంటారు. పండుగకు వచ్చి అమ్మ మళ్లీ బస్సు ఎక్కిన వారం ఆ పిల్లలు ఎవరితోనూ మాట్లాడరు, లేకపోతే కనబడ్డవాళ్లందరితో కొట్లాడతారు. పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో రాత్రి అన్నం మిగలకపోతే పిల్ల ఖాళీ కడుపుతో వస్తుంది, పదకొండు గంటలకు చిరచిరలాడుతుంది. ఇంట్లో తాగి వచ్చి అరిచే తండ్రి ఉంటే ఆ అరుపు తెల్లారి తరగతిలో ఆ పిల్లవాడి నోటినుంచి వస్తుంది. ఇందులో ఏ ఒక్కదానికైనా బెత్తం మందు అవుతుందా?

నల్లా దగ్గర చూసిన సంగతి

ఒక బడిలో నా కళ్లతో చూసింది చెబుతాను. మధ్యాహ్న భోజనం అయ్యింది. నలభై పళ్లాలు, ఒక్క నల్లా. పెద్ద పిల్లలు ముందుకు తోసుకుని పోతున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతి వెనక్కి పడింది, పళ్లెంలో మిగిలిన చారు గౌను మీద ఒలికింది. వంటమ్మ అరిచింది. ఇదివరకైతే ఇటువంటప్పుడు కర్ర తీసుకుని ఒకరు నల్లా పక్కన నిలబడేవాళ్లు, కర్ర ఉన్నంతసేపు వరుస ఉండేది.

ఆరోజు మేడం కర్ర తేలేదు. చాక్‌పీసు తెచ్చింది. పిల్లలందర్నీ అక్కడే బండల మీద కూర్చోబెట్టి, గౌను తడిసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది: "ఇట్లయితే ఎవరికి కష్టం?" ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి నాలుగో తరగతి పిల్లగాడు అన్నాడు: "చిన్నోళ్లకు మేడం." "మరి ఏం చేద్దాం?" "చిన్నోళ్లు ముందు కడుక్కోవాలె." వెంటనే ఇంకొకడు లేచాడు: "మరి గంట కొట్టేలోపు మాకు ఐతదా?" అది కూడా నిజమే కదా. పదినిమిషాలు వాదులాడుకున్నారు. చివరికి బండల మీద పన్నెండు సున్నాలు గీశారు. ఒక్కో సున్నాలో ఒక్కరు. ముందు సున్నా ఖాళీ అయితేనే కాలు కదపాలి. ఐదో తరగతి నుంచి రోజుకు ఇద్దరు చిన్నపిల్లల పళ్లాలు కడిగి పెట్టాలి.

మేడం మూడు రోజులు పక్కనే నిలబడింది. తప్పిన పిల్లను మళ్లీ వెనక్కి పంపి, సరిగ్గా నిలబడ్డాక "గట్లనే" అని భుజం తట్టింది. వారానికి వానకు చాక్‌పీసు సున్నాలు కొట్టుకుపోయాయి. పిల్లలు మాత్రం సున్నాలు ఉన్నచోటే నిలబడుతున్నారు.

క్రమశిక్షణ అంటే నాకు అర్థమైంది ఆరోజు. కట్టుబాటు ఎందుకో పిల్లలకు తెలిసింది. అందులో వాళ్ల మాట కూడా ఉంది. దాన్ని చేసి చూపించారు, అలవాటు అయ్యేదాకా పెద్దవాళ్లు ఓపికగా పక్కన ఉన్నారు. భయపెట్టి నిలబెట్టిన వరుస కర్ర పోగానే చెదిరిపోతుంది.

జపాన్‌లో టెట్సుకో అనే చిన్నపిల్లను అల్లరి పిల్ల అని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేశారు. రెండో బడిలో కొబయాషి అనే హెడ్మాస్టరు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ఆమె చెప్పిందల్లా విన్నాడు. ఆ పిల్ల పెద్దయి ఆ దేశంలో పేరున్న టీవీ కళాకారిణి అయింది, పిల్లల కోసం యూనిసెఫ్ రాయబారి అయింది. తన బడి సంగతులు ఆమె రాసిన పుస్తకం తెలుగులో "రైలుబడి" పేరుతో వచ్చింది. మన సార్లకు నాలుగు గంటల తీరిక లేదని తెలుసు. నాలుగు నిమిషాలు చాలు.

గోడ మీద ఐదు మాటలు

చిన్నపిల్లలకు ఇరవై నిబంధనలు రాసి అతికిస్తే ఒక్కటీ గుర్తుండదు. ఐదు చాలు. "వద్దు, వద్దు" అని కాకుండా ఏం చేయాలో చెప్పేటట్టు ఉండాలి. మేం అనుకున్నవి ఇవి. మీ బడి పిల్లలతో కూర్చుని మీవి మీరు రాసుకోండి.

1. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం. హెడ్మాస్టరు మాట్లాడినా, ఒకటో తరగతి పిల్ల మాట్లాడినా వింటాం.

2. మన చెయ్యి, మన కాలు, మన నోరు ఎవరినీ నొప్పించవు. పెద్దల చెయ్యి, పెద్దల నోరు కూడా.

3. వరుసలో నడుస్తాం. చిన్నవాళ్లకు ముందు దారి ఇస్తాం.

4. బడి వస్తువు మనందరిది. చెడగొట్టినవాళ్లం మనమే బాగుచేస్తాం. తరగతి ఊడ్చే వంతు ఆడపిల్లలకు, మగపిల్లలకు, అన్ని కులాలవాళ్లకు సమానంగా వస్తుంది.

5. తప్పు జరిగితే నిజం చెబుతాం, సరిచేస్తాం. నిజం చెప్పినవాళ్లను ఎవరూ కొట్టరు.

మాట తప్పితే ఏం చేయాలి? మెట్లు మెట్లుగా చేద్దాం.

మొదటి మెట్టు: దూరం నుంచి కేక వేయకుండా పిల్ల దగ్గరికి పోయి, పేరు పెట్టి పిలిచి, గోడ మీది మాట చూపించడం.

రెండో మెట్టు: చోటు మార్చడం, చేతికి పని ఇవ్వడం.

మూడో మెట్టు: గంట అయ్యాక పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు అడగడం. ఏం జరిగింది? ఎవరికి నొప్పి కలిగింది? ఎట్లా సరిచేద్దాం? నీళ్లు ఒలకబోసినవాడు తుడవాలి. పుస్తకం చింపినవాడు అతికించి ఇవ్వాలి. ఏడిపించినవాడు ఏడ్చిన పిల్ల కోలుకునేటట్టు చేయాలి.

నాలుగో మెట్టు: మళ్లీ మళ్లీ అదే జరిగితే ఇంటికి కబురు పెట్టడం. ఫిర్యాదు చేయడానికి పిలిచినట్టు ఉండకూడదు. కారణం వెతకడానికి సారు, అమ్మానాన్న ఒక్క దిక్కు కూర్చోవాలి.

ఈ మెట్లలో ఎక్కడా గోడకుర్చీ లేదు, గుంజీలు లేవు, తొడపాశం లేదు, ఎండలో నిలబెట్టడం లేదు. అన్నం ఆపడం, మూత్రానికి పంపకపోవడం అసలే లేదు. గూబ మీద కొట్టిన ఒక్క దెబ్బకు చెవి లోపలి పొర చిరిగి వినికిడి తగ్గవచ్చు. వినబడని పిల్లను మళ్లీ మాట వినడం లేదని కొడతాం. అట్లాగే లీడరు చేత "మాట్లాడినోళ్ల పేర్లు" బోర్డు మీద రాయించి, పేరు పక్కన ఇంటూ మార్కులు పెట్టించే పద్ధతి కూడా వదిలేద్దాం. తోటిపిల్లల మీద పోలీసు పని చిన్నపిల్లకు నేర్పవద్దు. నల్లా దగ్గర పళ్లెం కడిగిచ్చే పని నేర్పుదాం.

సార్లకు, మేడంలకు

మీ మీద యుద్ధానికి వేసిన కాగితం కాదు ఇది. ఐదు తరగతుల్ని ఇద్దరు లాగడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పట్టలేక మేమే ఎన్నోసార్లు చెయ్యి ఎత్తుతాం. మీ చేతికి ఒక పద్ధతి కావాలి, మీ వెనక ఊరు కావాలి. ఒక తరగతికి పాఠం చెబుతుంటే ఇంకో తరగతి చేతికి ఇచ్చే పని ముందే సిద్ధం చేసుకోవడానికి మా సాయం అడగండి. చింతగింజలు, గవ్వలు, కందిపుల్లల కట్టలు, బొమ్మల కార్డులు తెచ్చి ఇస్తాం. తండాలో పదో తరగతి చదివిన అక్కలు ఉన్నారు. మొదటి నెల ఒకటో తరగతిలో గంటసేపు కూర్చుని మాట అందిస్తారు. టీచర్ల ఖాళీలు నింపమని అధికారులకు రాసే కాగితం మీద మొదటి సంతకాలు మావే ఉంటాయి. మీరు మా పిల్లల ముందు బెత్తం దించండి, మేం మీ వెనక నిలబడతాం.

అమ్మానాన్నలకు

"కొట్టుండ్రి సారూ" అనే మాట ఈరోజుతో మానేద్దాం. "మావాడు ఇంట్లో ఇట్లుంటడు సారూ, దీనికి భయపడతడు, దీనికి సంబురపడతడు" అని చెబుదాం. ఆ ముచ్చట సారుకు బెత్తం కంటే ఎక్కువ పనికొస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. నిజమే. కానీ మొక్కను వంచే రైతు దాన్ని కొట్టడు. పక్కన కర్ర పాతి, మెత్తటి దారంతో కట్టి, రోజూ చూసుకుంటాడు.

పిల్లను ఎవరైనా కొట్టారని తెలిస్తే పదిమందిని వేసుకుని బడి మీదకు పోవద్దు. సారును పిల్లల ముందు నిలదీస్తే పిల్ల నేర్చుకునేది మళ్లీ దౌర్జన్యమే. ముందు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని పూర్తిగా వినండి. ఇద్దరు పెద్దమనుషులతో పోయి హెడ్మాస్టరుతో మాట్లాడండి. సరికాకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లోగా తేల్చాలి. పిల్ల ప్రమాదంలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. ఆ ఫోనుకు పైసలు పడవు.

ఊరి పెద్దలకు, యువకులకు

రాత్రి బడి ఆవరణలో కూర్చుని తాగి, సీసాలు అక్కడే పగలగొట్టి పోయేవాళ్లు మన ఊళ్ల యువకులే. పొద్దున ఆ గాజు పెంకులు ఏరేది ఒకటో తరగతి పిల్లలు. కట్టుబాటు గురించి మాట్లాడే హక్కు మనకు రావాలంటే ముందు ఆ గోడ లోపల మనం మర్యాదగా ఉండాలి. పంచాయతీలో ఒక తీర్మానం పెట్టండి, యువజన సంఘాలు కాపలా బాధ్యత తీసుకోండి.

పిల్లలు మనకు మాట ఇస్తున్నారు

పొద్దున ప్రార్థనలో పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెబుతారు. దాన్ని రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. ఇవాళ దేశమంతా వాళ్ల వాళ్ల భాషల్లో చెబుతున్నారు. పెద్దలను గౌరవిస్తామని, అందరితో మర్యాదగా నడుచుకుంటామని, జంతువుల మీద కూడా దయగా ఉంటామని మన పిల్లలు ప్రతిరోజూ మనకు మాట ఇస్తున్నారు. అరవై ఏళ్లు దాటింది. తిరిగి మనం వాళ్లకు ఏ మాట ఇచ్చాం?

ఈ ఏడు ఇద్దాం. ప్రార్థన మైదానంలో పిల్లలు చూస్తుండగా, సార్లు, తల్లిదండ్రులు వరుసగా నిలబడి చెబుదాం: నిన్ను కొట్టం. నిన్ను మొద్దు అనం. నీకు అర్థం కాకపోతే మళ్లీ చెబుతాం. నీ తప్పును సరిచేసుకోవడానికి నీ పక్కన కూర్చుంటాం.

ఇక చేయాల్సింది

జూన్ 12న బడులు తెరుస్తారు. మొదటి వారంలోనే ఈ ఐదు పనులు చేద్దాం.

1. ప్రతి బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టమని హెడ్మాస్టరును అడుగుదాం. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. వాటిలో మహిళా సంఘాల అక్కలే ఉన్నారు. గోడలకు సున్నం, నల్లాలు, ఫ్యాన్లు చూసిన అక్కలు ఈ పని కూడా తలకెత్తుకోవాలి.

2. ఆ సమావేశంలో పిల్లల్ని వెనక నిలబెట్టకుండా ముందు కూర్చోబెట్టి, వాళ్ల నోటితో ఐదు మాటలు చెప్పిద్దాం.

3. ఊళ్లో పెయింటరు అన్నలు ఉన్నారు. ఒక డబ్బా రంగు, ఒక పూట పని. ఆ ఐదు మాటలు బోర్డు పక్కన గోడ మీద, పిల్లల కంటి ఎత్తులో రాయిద్దాం.

4. బడిలో ఉన్న బెత్తాలు, కర్రలు బయట పెట్టి, వాటితో బడి తోటలో చిక్కుడు తీగకు పందిరి వేద్దాం.

5. నెలనెలా జరిగే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడుగుదాం: "ఈ నెల మన ఐదు మాటలు ఎట్లా నడిచాయి?" జవాబు పిల్లలు చెప్పాలి.

చివరగా ఒక సంగతి. గోడ దూకిన నా పక్కవాడు ఇప్పుడు తాండూరులో బండల పాలిషు పనిలో ఉన్నాడు. వాని బిడ్డ ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరుతుంది. ఈ కాగితం వాడు చదవలేడు. అచ్చుకు ఇచ్చే ముందు వాళ్లింట్లో కూర్చుని మొత్తం చదివి వినిపించాను. సంచి సంగతి దగ్గర ఏమీ అనలేదు. ఐదు మాటల దగ్గర ఆపమన్నాడు. ఐదోది మళ్లీ ఒకసారి చదవమన్నాడు. ఆ తర్వాత లోపల పండుకున్న బిడ్డ దిక్కు చూసి అన్నాడు: "గివన్ని మా బోలీల గూడ ఒక్కసారి జెప్పాలె అని రాయి. అర్థమైతే పిల్ల తల ఎత్తుతది."

రాశాను. అది ఆరో మాట. బడిలో చెప్పే ప్రతి కట్టుబాటూ పిల్ల ఇంటి భాషలో కూడా వినిపించాలి.

ఈ కాగితం మీ చేతికి అందితే మడిచి జేబులో పెట్టుకోవద్దు. చదవలేని పక్కింటివాళ్లకు ఈ రాత్రే చదివి వినిపించండి.

బెత్తం దించుదాం! మాట నిలుపుకుందాం!
పిల్లల భయం పోవాలి, పిల్లల చదువు నిలవాలి!

ఇట్లు,
పెద్దేముల్‌లో బడికి ఇద్దరు పిల్లల్ని పంపుతున్న ఒక తండ్రి